గంధకం, కండువా

జొన్న కంకిలో గింజ ఉండాల్సిన చోట నల్లటి పొడి నిండితే మా ఇబ్రహీంపట్నంలో దాన్ని కాటుక అంటారు. నగరంలో మొక్కల తెగుళ్ల మీద పై చదువు చదువుతూ ఆ కాటుకను సూక్ష్మదర్శినిలో చూశాను. కంటికి ఆనని శిలీంధ్రం అది. విత్తనానికి అంటుకుని మట్టిలోకి పోతుంది, మొలకలో దూరి దానితోపాటే పెరుగుతుంది. మొక్క మాత్రం నవనవలాడుతూనే ఉంటుంది. కంకి వెళ్లేదాకా ఎవరికీ అనుమానం రాదు. అంత ఓపిక దానికి ఎవరు నేర్పారో! నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

నిరుడు మా చేనంతా కాటుకే. రజాకార్లు ఎత్తుకుపోగా మిగిలిన విత్తనం ఒక్క కుండెడు, దానికీ ఆ పొడి అంటుకునే ఉంది. గంధకం పట్టించి విత్తితే తెగులు రాదు. లేకపోతే వచ్చే ఏడు మాకు కాచుకు తాగే జొన్న గటక కూడా లేదు. పోలీసు చర్య ముగిసిన కొత్తలో, దారులు బాగాలేవని బాపు నన్ను తీసుకుపోవడానికి నగరానికి వచ్చాడు. గంధకం పొట్లం, నేను చదువుకోసం దాచుకున్న మా చేని కాటుక కంకి సంచిలో వేసుకుని బయల్దేరాం.

హయత్‌నగర్ దగ్గర మిలిటరీవాళ్లు ఆపారు. సంచిలో ఏముందని ఒక ఉత్తరాది సిపాయి సైగ చేస్తే, బాపు నాకంటే ముందే "గంధకం" అన్నాడు. ఖర్మ, వాళ్ల భాషలోనూ ఆ మాట అదే. బాంబులు చేసేదీ దానితోనే. తుపాకీ నా ఛాతీకి ఆనింది. నేర్చిన ఉర్దూ అంతా ఎటు పోయిందో, కంకి తీసి చూపించాను.

సిపాయి ఒక గింజ నలిపాడు. అరచేయి నల్లబడింది.

"కండువా!" అన్నాడు.

బాపు గబగబా భుజం మీది కండువా తీసి రెండు చేతులా అందించాడు. "తీస్కోండ్రి దొరా, మా పోరన్ని ఇడ్శిపెట్టుండ్రి."

సిపాయి తెల్లబోయాడు, తర్వాత పగలబడి నవ్వాడు. వాళ్ల ఊళ్లో కాటుకను కండువా అంటారట. వాళ్ల నాయన జొన్నచేనూ ఏటా ఇలాగే పోతుందట. తుపాకీ పక్కనబెట్టి గంధకం ఎలా పట్టించాలో అడిగాడు. నడిరోడ్డు మీద నా మొదటి పాఠం అతనికే చెప్పాను. కండువాను తనే బాపు భుజాన కప్పాడు. ఎక్కడి ఊరు, ఎక్కడి మనిషి! కంటికి కనిపించని ఆ శిలీంధ్రం అక్కడా ఇక్కడా ఒకే దారిన నడుస్తోందని తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ యాసంగి పంటలో కంకులు కాటుక లేకుండా తెల్లగా వెళ్లాయి. బాపు చేను నడుమ నిలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"గా సిపాయి అయ్య చేన్ల గూడ గిట్లనే ఎళ్లాలె" అన్నాడు.