కత్తెర ముందు ఒక్క నిమిషం

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. వీధిలో మాత్రం అందరికీ ఆగమ్మే. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర చేతిలోకి తీసుకున్నాక "ఆగు" అని తనకి తనే చెప్పుకుంటుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన. ఆ తర్వాతే కోత.

"గుడ్డ కోయడానికి కూడా దేవుణ్ణి అడగాలా?" అని పెళ్లయిన కొత్తలో భర్త ఆటపట్టించేవాడు.

"కోశాక వెనక్కి రాదుగా. వెనక్కి తీసుకోలేని పనులకి ముందే అడగాలి" అనేది.

పిల్లల చదువులకీ, ఇల్లు మారడానికీ, ఆఖరికి కోపంలో ఉన్నప్పుడు నోరు తెరవడానికీ ఆవిడది అదే పద్ధతి. ముప్పై ఏళ్లుగా ఇంటి ముందుగదిలో కుట్టుపని చేస్తూ, ఆ ఒక్క నిమిషాన్ని ఏ రోజూ మానలేదు.

ఈమధ్య ఆ గదిలో రెండో మిషను వచ్చింది. దాని ముందు కూర్చునేది ఆమె తోడికోడలు. తను పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పిల్ల ఆరు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "దీనికి ఏ పనీ అబ్బదు" అని అత్తగారు తేల్చేసింది. ఆగమ్మ మాత్రం ఒకరోజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మిషను ముందు కూర్చోబెట్టింది. కాజాలు, గుండీలు, తర్వాత జేబులు. మెల్లగా ఆ పిల్ల పని చేస్తూ కూనిరాగం తీయడం మొదలుపెట్టింది.

అప్పుడే చర్చి నుంచి పని వచ్చింది. కొత్తగా కట్టిన చర్చిలో మొదటి ఆరాధనకి పాటల బృందం వాళ్లకి పన్నెండు గౌన్లు కావాలి, ఎర్ర వెల్వెట్‌వి. అన్నీ ఒకే కొలత, వదులుగా ఉండాలి. ఎవరి ఎత్తుని బట్టి వాళ్లకి చివర్లో అంచు మడిస్తే సరి. గుడ్డ వచ్చిన రోజే ఆగమ్మ చెల్లెలికి ఆపరేషన్. ఆసుపత్రికి పోతూ పోతూ "కోసి ఉంచు, నీ చెయ్యి తిరిగింది" అని తోడికోడలికి చెప్పి వెళ్లింది.

శుక్రవారం పొద్దున ఆగమ్మ తిరిగొచ్చేసరికి తోడికోడలు అంచులు తప్ప కుట్టు అంతా ముగించింది. గౌన్లన్నీ వరండాలో తీగ మీద వేశారు. ఎండ పడింది.

"అక్కా, ఈ ఆరూ ఎండకి వెలిశాయా?" అంది తోడికోడలు.

"ఎండ తగిలింది ఇప్పుడే కదమ్మా, అప్పుడే ఎక్కడ వెలుస్తాయి?"

ఆగమ్మ దగ్గరికెళ్లి ఒక గౌనుని పైనుంచి కిందికి నిమిరింది. పట్టులా జారింది. పక్కదాన్ని నిమిరింది. పిల్లిని తోకవైపు నుంచి తలవైపు దువ్వినట్టు గరుగ్గా తగిలింది. విషయం అర్థమైంది. వెల్వెట్‌కి నూగు ఉంటుంది. అది ఒకవైపుకి పడుకుంటే లేతగా, ఎదురు తిరిగితే ముదురుగా కనిపిస్తుంది.

"ముక్కలు ఎలా పరిచావు?"

"ఒక గౌను తల పైకి, పక్కది తల కిందికి. అలా అయితే గుడ్డ కలిసొస్తుందని. నూలు గుడ్డకి నువ్వే అలా చేస్తావుగా అక్కా."

నిజమే. నేర్పింది తనే. వెల్వెట్‌కి అలా పనికిరాదని చెప్పనిదీ తనే.

తోడికోడలి ముఖం పాలిపోయింది. కత్తెర తీసుకెళ్లి సొరుగులో పెట్టింది. "నా చెయ్యి మంచిది కాదక్కా. సోమవారం నుంచి నేను రాను."

ఇంట్లో తలా ఒక సలహా. "ఎవరు చూడొచ్చారు? మడతపెట్టి ఇచ్చెయ్" అన్నాడు భర్త.

"కొత్త చర్చికి గోడల కంటే కిటికీలే ఎక్కువండీ" అంది ఆగమ్మ.

అత్తగారు గట్టిగా చెప్పింది. "చిన్నది కోసిందని చెప్పెయ్యి. నీ పేరు నీకు మిగులుతుంది."

ఆగమ్మ ముందుగదిలోకి వెళ్లింది. బల్ల ముందు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ప్రభువా, దాస్తే అబద్ధం. నిజాన్ని రాయిలా విసిరితే ఈ పిల్ల మళ్లీ లేవదు. నిజం చెప్పాలి, ఈ పిల్లా నిలబడాలి. ఆ తెలివి నా దగ్గర లేదు, నీ దగ్గర ఉంది. కాస్త ఇవ్వు.

పైనుంచి మాటేమీ వినపడలేదు. గుండెదడ మాత్రం తగ్గింది. కళ్లు తెరిచి తీగవైపు మళ్లీ చూసింది. ఇందాక తప్పు కనిపించిన చోట ఇప్పుడు లెక్క కనిపించింది. లేతవి ఆరు, ముదురువి ఆరు.

"పద, రెండు గౌన్లు తీసుకో. మాస్టారి దగ్గరికి వెళ్దాం."

"నేనెందుకక్కా?"

"నేనున్నాగా పక్కన."

పాటల బృందం మాస్టారు రిటైరైన లెక్కల పంతులు. కళ్లజోడు పైనుంచి చూస్తే ఎవరికైనా చేసిన తప్పులన్నీ గుర్తొస్తాయి. ఆగమ్మ గౌన్లు రెండూ కిటికీ దగ్గర పట్టుకుని, "మా దగ్గర పొరపాటు జరిగిందండీ" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

"కోసింది నేనేనండీ" అంది తోడికోడలు, ఎవరూ అడక్కుండానే.

"నేర్పడంలో లోటు నాదండీ" అంది ఆగమ్మ.

"మీ ఇద్దరి తగువు తర్వాత తీరుస్తా గానీ, ఎల్లుండి మావాళ్లు ఏం తొడుక్కోవాలి?"

"కొట్లో అడిగాం, ఈ తానులో గుడ్డ ఇక లేదటండీ. వద్దంటే పాత తెల్ల గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసిస్తాం. లేదూ, లేతవి ఆరూ ముందు వరసకి, ముదురువి ఆరూ వెనక వరసకి ఇస్తే ఎలా ఉంటుందో మీరే చూడండి. అంచులు ఇంకా మడవలేదు."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముందు వరస ఆడగొంతులు, వెనక మగగొంతులు. ఆరూ ఆరే." తోడికోడలివైపు తిరిగాడు. "నలభై ఏళ్లు పాఠాలు చెప్పానమ్మా. తప్పు చేసినవాడు తనంతట తను చెయ్యెత్తిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేపు సాయంత్రానికి అంచులు అయిపోవాలి."

శనివారం రెండు మిషన్లూ ఆగలేదు.

ఆదివారం ఆ కిటికీల్లోంచి వెలుగు పడి రెండు వరసలూ నిండుగా కనిపించాయి. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు వచ్చి, "రెండు రంగులు భలే కుదిరాయి. ఎవరి ఆలోచన?" అంది.

నాదే అంటే సరిపోయేది. ఆగమ్మ ఒక్క క్షణం ఆగింది. "ఆలోచన కాదండీ, పొరపాటు. దేవుడు సర్దుకునే దారి చూపించాడు."

పక్కనున్న తోడికోడలికి నవ్వు ఆగలేదు. శుక్రవారం తర్వాత అదే మొదటి నవ్వు.

సోమవారం తొమ్మిదైంది. రెండో మిషను ముందు కుర్చీ ఖాళీ. ఆగమ్మ పిలవడానికి వెళ్లలేదు. చేయాల్సింది చేశాం, మిగతాది దేవుడి చేతిలో ఉంది అనుకుని దారం ఎక్కించుకుని మిషను తొక్కుతోంది. తొమ్మిదింబావుకి చెప్పుల చప్పుడైంది.

తోడికోడలు వచ్చి బల్ల మీద గుడ్డ పరిచింది. చేత్తో అటూ ఇటూ నిమిరి చూసి, సుద్దతో పెద్ద బాణం గుర్తు వేసింది. సొరుగులోంచి కత్తెర తీసింది.

"ఆగక్కా, మిషను ఆపు ఒక్క నిమిషం" అని కళ్లు మూసుకుంది.

ఆగమ్మ మిషను ఆపింది.