యోకెబెదు అనని మాట

యోకెబెదు పెద్దమ్మ వాళ్లదీ మాదీ ఉమ్మడి గోడ. యాజకుల ఇంటి పెద్దకోడలైనా అత్తిపండ్లు తనే ఎండబెట్టుకునేది, సంతలో బేరం తనే ఆడేది. వంశం గొప్పలు మాత్రం పెద్దకొడుకు పీనెహాసుకు వదిలేసింది. అతను తాతముత్తాతల పేర్లు మొదటి యాజకుడు అహరోను దాకా వల్లిస్తుంటే, "వాళ్లెవరూ వచ్చి నీళ్లు తోడిపెట్టరు గాని, ఆ చేద ఇలా అందుకో నాయనా" అనేది.

చిన్నకొడుకు మత్తన్య షప్పీరాను చేసుకుంటానన్న రోజు నుంచి ఆ ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. పిల్ల మంచిదే. కాని ఆ మధ్య అక్కో దారిలో సైనికులు బిడారాన్ని ఆపి, ఆడవాళ్లను తెల్లవార్లూ తమ ఠాణాలో ఉంచుకున్నారు. వాళ్లలో షప్పీరా ఉంది. మా సెఫోరిస్ ఊరంతటికీ తెలుసు. చెరలో ఉండి వచ్చిన పిల్లను యాజకుడు చేసుకోకూడదు. ఆమెనెవరూ ముట్టలేదని చూసినవాళ్లు చెబితే సరే. అలాంటి సాక్షి దొరకలేదు. పిల్ల తన గురించి తను చెప్పుకుంటే చెల్లదు.

"ఈ పెళ్లి మానకపోతే కుండ పగలగొడతా" అన్నాడు పీనెహాసు.

కుండ పగిలిందంటే మనిషి వంశం నుంచి తెగిపోయినట్టే. వేయించిన గింజలూ అక్రోట్లూ నింపి, వీధిలో పిల్లల మధ్య బద్దలు కొడతారు. పిల్లలు ఏరుకుంటూ "ఫలానావాడు తెగిపోయాడు" అని అరుస్తారు. ముసలివాళ్లయినా ఆ రుచి మరిచిపోరు, వాళ్లే సాక్ష్యం. ఇక మత్తన్యకు పుట్టే కొడుకులు బలిపీఠం దగ్గరికి వెళ్లలేరు.

పెళ్లి ముందురోజు పొద్దున్నే పీనెహాసు కుండ భుజానికెత్తుకుని వీధిలోకి వచ్చాడు. పిల్లలు మూగారు.

"కాస్త గట్టిగా కొట్టన్నా, నాకూ నాలుగు గింజలు దక్కుతాయి" అన్నాడు మత్తన్య. అతని పెదాలు పాలిపోయి ఉన్నాయి.

యోకెబెదు గబగబా వచ్చి కుండ మెడ పట్టుకుంది. ఆమె గొంతు తగ్గించి చెప్పింది గాని, నేను మా గుమ్మంలోనే ఉన్నాను.

"రోమన్లు ఈ ఊరు తగలబెట్టిన ఏడాది మేం కొండల్లోకి పారిపోయామని, పెళ్లికి ముందు మావాళ్లు మీ నాన్నకు చెప్పారు. నేను పారిపోలేదురా. వాళ్ల గుడారాల్లో ఉన్నా."

పీనెహాసు వీధి అటూ ఇటూ చూశాడు. "ఎవరికి తెలుసు?"

"తెలిసినవాళ్లు పోయారు. ఇప్పుడు నీకు తెలుసు."

"అయితే ఎవరూ ముట్టలేదని చెప్పమ్మా. చెర సంగతి బయటపెట్టింది నువ్వే కాబట్టి, ఆ మాట కూడా నీ నోటిదే చెల్లుతుంది. ధర్మశాస్త్రం నమ్ముతుంది. ఒక్క మాట చాలు."

"షప్పీరా అదే మాట చెప్పింది. నమ్మావా?"

"ఆమె సంగతి ఊరంతా ఎరుగును కదా."

"అంటే, దాచుకున్నదాని మాట చెల్లుతుంది, దాచుకోలేనిదాని మాట చెల్లదు. బాగుంది. కొట్టు కుండ. పిల్లలతోపాటు నేనూ అరుస్తా, నీ పేరు కూడా కలిపి."

కుండలో గింజలు గలగలమన్నాయి. చివరికి పీనెహాసు కుండ నేలమీద దించి, గుప్పెళ్లతో పిల్లలకు పంచడం మొదలుపెట్టాడు. "రేపు పెళ్లికి రండి" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"పగలగొట్టవా మావా?" అని ఒక పిల్ల నిరాశగా అడిగింది.

"ముందు నోట్లోది నములు" అంది యోకెబెదు.

పెళ్లయింది. ఆ రాత్రీ, తర్వాత కూడా పీనెహాసు ఆ ఒక్క మాట కోసం తల్లి చుట్టూ తిరిగాడు. ఆమె పప్పులో రాళ్లు ఏరుకుంటూ, "ముందు కోడలి మాట నమ్ము, తర్వాత నా దగ్గరికి రా" అనేది. అది అతనివల్ల కాలేదు; ఆమె మాట లేకుండా బలిపీఠం దగ్గరికి వెళ్లే ధైర్యమూ లేకపోయింది.

యెరూషలేము ఆలయంలో సేవకు వాళ్ల వంతు వచ్చింది. తోటి యాజకులు వాకిట్లో నిలబడి కేకేశారు. మత్తన్య అప్పటికే వాళ్లలో ఉన్నాడు. యోకెబెదు దారికి కట్టిన రొట్టెల మూటలు రెండు పట్టుకుని బయటికొచ్చింది.

"మోకాళ్లు బాగాలేవు. మీరు వెళ్లండి" అన్నాడు పీనెహాసు లోపలినుంచి.

ఆమె ఒక మూట మత్తన్య చేతికిచ్చింది. రెండోది లోపలికి తీసుకెళ్లి విప్పి, రొట్టెలు పెద్దకొడుకు ముందు పెట్టి, అతను తినేదాకా అక్కడే కూర్చుంది.