పెద్దసారు రాసిన ఫైలు

ఎనభైల చివర్లో జహీరాబాదులో కంప్యూటర్లు తయారయ్యేవంటే ఇప్పుడెవరూ నమ్మరు. అప్పుడూ నమ్మలేదు. మా అమ్మయితే నేను ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయినా చుట్టాలతో "టైపింగ్ కొలువు" అనే చెప్పేది. టైపింగ్ అంటే అందరికీ తెలుసు, అడిగినవాళ్ళు ఇంకో ప్రశ్న వేయరు.

అసలు సంగతి ఏమిటంటే, మాది వెనకబడిన ప్రాంతమని సర్కారు పరిశ్రమలకు రాయితీ ఇచ్చేది. ఆ రాయితీ కోసం హైదరాబాదు సేటు ఒకాయన బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, బయటి దేశాల నుంచి తెప్పించిన బోర్డులను డబ్బాల్లో బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. ఒక పక్క లారీల దుమ్ము, ఇంకో పక్క అల్లం చేను, మధ్యలో మేము. ఊరు వెనకబడినందుకు నాకు మేలు జరిగిన సందర్భం నా జీవితంలో అదొక్కటే.

బోర్డులతో పాటు ఒక టేపు వచ్చింది. అందులో యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాము ఉంది. దాన్ని కెర్నల్ అంటారు. మెమరీ ఎవరికెంత, వంతు ఎవరిది, ప్రింటరు ఎవరికి, ఈ పంచాయితీలన్నీ తీర్చేది అదే. కాని అది వాళ్ళ దేశపు సంపదను చూసి రాసింది. మా దగ్గరున్నది అందులో పావు వంతు మెమరీ, ఒక గడగడలాడే దేశీ ప్రింటరు. ఆ కెర్నల్‌ను మా సంసారానికి సరిపోయేట్టు మార్చడం మా పని. మెమరీ పంచే భాగం నాది. ప్రింటరుతో మాట్లాడే భాగాన్ని డ్రైవరు అంటారు, అది పెద్దసారుది.

పెద్దసారు హైదరాబాదులో సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి. సోమవారం పొద్దున బస్సు దిగి, వారమంతా షెడ్డు వెనక గదిలో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికి పోయేవాడు. ప్రోగ్రాము మొత్తం ముందు పొడుగు నోటుబుక్కులో పెన్సిలుతో రాసి, మూడుసార్లు చదివి, అప్పుడు రెండు వేళ్ళతో టైపు చేసేవాడు. నన్ను చూపించి, డిప్లొమా చదివిన ఈ మొగుడంపల్లి ఊరి పిల్లకు కెర్నల్ ఎట్ల అప్పజెప్తావని సేటు అడిగితే, "దానికి కోపమెక్కువ, తప్పు దొరికేదాక ఇడిసిపెట్టది" అన్నాడట. నా కోపాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఏడాదిన్నర పక్కన కూర్చోబెట్టుకుని, ఓనమాలు దిద్దించినట్టు నేర్పాడు.

"ఇంట్ల కూసుంటే నాది పాల పాకెట్ల డ్యూటీ బిడ్డా. ఈడనే జర మనిషి లెక్క ఉన్న" అన్నాడొకసారి చాయ్ తాగుతూ. నవ్వుతూనే అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు.

మా షెడ్డులో ఒక మర్యాద ఉండేది. ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చింది. పెద్దసారు రాసిన ఫైలును ఎవరూ ముట్టరు. అందులో ఏదైనా మార్చాల్సి వస్తే పక్కన ఇంకో ఫైలు పెట్టి, దాని చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళం. పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకోనట్టే, పెద్దలు రాసిన లైను కొట్టేయం. ఇట్లా చుట్టూ తిరిగే ఫైళ్ళు ఎన్ని పోగయ్యాయంటే, కొత్తగా చూసేవాళ్ళు అసలు పని ఎక్కడ జరుగుతోందో కనిపెట్టలేకపోయేవాళ్ళు.

అంతలో ఒక ఆర్డరు ఆశ చూపించింది. సరిహద్దు అవతల, కన్నడం మాట్లాడే ఊళ్ళ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ. ఏ రైతు ఏ రోజు చెరుకు నరకాలో ఫ్యాక్టరీవాళ్ళు చీటీ ఇస్తారు. చీటీ రాకముందే నరికితే చెరుకు ఎండుతుంది, వచ్చాక నరకకపోతే వంతు పోతుంది. ఆ చీటీలు మా యంత్రం అచ్చువేయాలి. వాళ్ళ ఆఫీసరు మా షెడ్డుకే వచ్చి మూడు రోజులు కూర్చుని చూస్తాడు. యంత్రం ఆగకుండా నడిస్తే ఆర్డరు మాది.

మూడు రోజులేం ఖర్మ, మా యంత్రం మూడు పూటలు నడవలేదు. రోజూ సరిగ్గా మధ్యాహ్నం చాయ్ వేళకు తెర మీద "మెమరీ లేదు" అని ఇంగ్లీషులో చెప్పి ప్రాణం విడిచేది. ఆ మాట రాసింది నేనే. చచ్చేటప్పుడైనా నాలుగు ముక్కలు చెప్పి చావాలని ఆ లైను పెట్టాను. ఇంకేముంది, దొంగ దొరికినట్టే. మెమరీ లేదంటోంది, మెమరీ ఎవరిది? పిల్లది.

సేటు మొదట గుమ్మడికాయ కొట్టించాడు. ఆ రోజు యంత్రం చాయ్‌కి ముందే ఆగింది. తర్వాత అందరినీ పిలిచి నిలబెట్టాడు.

"దేఖో, మూడు వారాల్ల ఆఫీసరొస్తడు. గీ బీమారి ఎవరి గల్తీతోని వచ్చిందో ఆళ్ళు ఇంటికే. చిన్నా లేదు, పెద్దా లేదు."

అన్నది అందరితో, చూసింది నన్ను. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ప్రోగ్రాములో తప్పుంటే నేనే పోతా, నువ్వు చెప్పేదేంది అని నోటిదాకా వచ్చింది. మింగేసి, ప్రోగ్రామును అచ్చువేసిన లిస్టింగు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఎనిమిది రోజులు. తల ప్రాణం తోకకొచ్చింది. నా భాగంలో ప్రతి లైనూ చదివాను, తప్పు లేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ముట్టకపోతే ముట్టకపోయాం, చూస్తే తప్పేముందని సారు ఫైలు తీసి చదివాను. అక్కడ దొరికింది.

జహీరాబాద్ బస్టాండులో బస్సు రాగానే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపుకుంటారు. విసిరినవాడు బస్సెక్కకపోయినా ఆ రుమాలును ఎవరూ తీయరు, సీటు ఖాళీగా సదాశివపేట దాకా పోతుంది. సారు డ్రైవరు చేస్తున్నది అదే. చీటీ చీటీకి ఒక మెమరీ ముక్క తీసుకునేది, అచ్చయ్యాక బుద్ధిగా తిరిగి ఇచ్చేది. కాగితం ఇరుక్కుంటే మాత్రం ఆ గాభరాలో ఇవ్వడం మరిచేది. మా ప్రింటరులో కాగితం ఇరుక్కోని గంట లేదు. చాయ్ వేళకు బస్సు నిండా రుమాళ్ళే.

నేను గెలిచానని ఒక్క నిమిషం ఎగిరి గంతేయాలనిపించింది. మరు నిమిషమే సేటు మాట గుర్తొచ్చింది. తప్పు దొరికిందని చెప్తే సారు ఇంటికి. సారుకే చాటుగా చెప్తే? ఆయన తిన్నగా సేటు దగ్గరికి పోయి "నాదే" అని ఒప్పుకునే రకం. అప్పుడూ ఇంటికే. ఆ మనిషిని పాల పాకెట్లకు పంపించి నేను ఇక్కడ కుర్చీలో కూర్చోవాలా?

కాబట్టి మర్యాద ప్రకారమే చేశాను. ఆయన ఫైలు ముట్టలేదు. నా మెమరీ భాగంలో ఒక లైను పెట్టాను: అచ్చు పని ఇరుక్కుని ముగిసిందా, ఆ ముక్కను నువ్వే తెచ్చి ఖాళీ ముక్కల జాబితాలో వేసుకో. శుక్రవారం నా డిస్కు మీద కెర్నల్‌ను కొత్తగా కట్టి, చింపిన కాగితాలు కావాలని ప్రింటరులో కుక్కి చూశాను. బ్రహ్మాండంగా నడిచింది. శనివారం అల్లం తవ్వకం ఉందని సెలవు పెట్టి ఊరికి పోయాను. సోమవారం ఇద్దరి ఫైళ్ళూ కలిపి కొత్త కెర్నల్ కట్టాం. చాయ్ వేళ దాటింది, యంత్రం ఆగలేదు. అందరి కళ్ళూ గడియారం మీదే, రాలిన చీటీల్లో ఏముందో ఎవరూ చదవలేదు.

"నీ మెమరీ పని సాఫ్ అయింది బిడ్డా. నేను ముందే అనలే?" అన్నాడు పెద్దసారు, సేటుకు వినపడేట్టు.

పాపం, తన తప్పు తనకే తెలియని అమాయకుడు అనుకున్నాను. లోలోపల ఎంత గర్వమో, ఒక పెద్దమనిషి పరువు కాపాడినదాన్ని, ఆ సంగతి ఆయనకు కూడా తెలియకుండా కాపాడినదాన్ని. ఆ రోజు ఇంటికెళ్ళి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఆఫీసరు వచ్చాడు. సేటు ఆయన కోసం హైదరాబాదు నుంచి దళసరి కాగితం, కొత్త రిబ్బన్లు తెప్పించాడు. రెండు రోజులు కాగితం ఒక్కసారీ ఇరుక్కోలేదు, చీటీలు చకచకా రాలాయి. మూడో రోజు పొద్దున సేటులోని సేటు నిద్రలేచాడు. "ఇగ అయిపాయె గద, మంచి కాయితం దాచిపెట్టున్రి" అని పాత కాగితం ఎక్కించాడు.

పదకొండింటికి ఇరుక్కుంది. నేను నవ్వుకున్నాను, ఇప్పుడు చూడండి నా లైను పని అని. పక్కకు చూస్తే పెద్దసారూ నవ్వుకుంటున్నాడు. ఈయనెందుకు నవ్వుతున్నాడబ్బా అనుకున్నాను గాని, కాగితం సర్దే హడావిడిలో మరిచిపోయాను.

యంత్రం ఆగలేదు. ఆగితే బాగుండేది. కాసేపటికి ఆఫీసరు రెండు చీటీలు పట్టుకుని లేచాడు.

"ఏనమ్మా ఇదు? పేరు ఒక రైతుది, పొలం ఇంకొకరిది. ఈ చీటీ పట్టుకుని పోతే పక్కవాళ్ళ చెరుకు నరుకుతారు. కొడవళ్ళు పట్టుకుని కొట్టుకుంటారు!"

నేనూ సారూ లిస్టింగులు పక్కపక్కన పరుచుకుని కింద కూర్చున్నాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన ఫైలులో, కాగితం ఇరుక్కున్న చోట, ఒక కొత్త లైను ఉంది: తీసుకున్న ముక్క తిరిగి ఇచ్చెయ్. శనివారం, నేను ఊరికి పోయిన రోజు, పెట్టిన లైను.

ఆయన కూడా వెతికాడు. ఆయనకూ దొరికింది. నాకు చెప్తే, ఎనిమిది రోజులు నింద మోసిన నేను ఎక్కడ సేటు మీదికి లేచి కొలువు పోగొట్టుకుంటానో అని, చప్పుడు చేయకుండా సరిదిద్దుకుని, పేరంతా నాకే వచ్చేట్టు "నీ పని సాఫ్ అయింది" అన్నాడు. అంటే ఒకే మెమరీ ముక్కను ఆయనొకసారి, నేనొకసారి ఖాళీ జాబితాలో వేశాం. జాబితాలో రెండుసార్లున్న ముక్కను కెర్నల్ ఇద్దరికి ఇచ్చింది. ఒక రైతు పేరు మీద ఇంకో రైతు పొలం వచ్చి కూర్చుంది. ఒకరి పరువు ఒకరం కాపాడుకోవడానికి కొడవళ్ళ దాకా తెచ్చామన్నమాట.

"నువ్వు గూడనా?" అన్నాడు సారు నా లైను మీద వేలు పెట్టి. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. సేటు వచ్చి నెత్తిన నిలబడేదాకా నవ్వాం.

"ఎవరి గల్తీ?"

నవ్వు ఆగిపోయింది. రెండు లైన్లున్నాయి, ఒకటి నాది. నోరు తెరిస్తే చాలు. తప్పు నాదే సేటూ, ఆయన లైను సరిగ్గానే ఉందని అనాలి. అనాలనుకున్నాను, ఒట్టు. కాని ఆ ఒక్క క్షణంలో ఎప్పుడూ అందరిమీదికీ లేచే నా కోపం ఎక్కడ చచ్చిందో, నేను లిస్టింగు కాగితాలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

"నాదే. చెప్పకుంట లైన్ పెట్టిన" అన్నాడు పెద్దసారు. పెన్సిలు జేబులో పెట్టుకుని లేచి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు.

ఆఫీసరు మంచివాడు, ఇంకో వారం గడువిచ్చాడు. సేటు నా కుర్చీ వెనక నిలబడి, "ముసలాయన పెట్టిన గలత్ లైన్ తీసెయ్, నా ముంగట" అన్నాడు. రెండింట్లో ఒకటి పోవాలి, నిజమే. తీసుకున్నవాడే తిరిగివ్వాలి, ఇది కెర్నల్ పనిలో మొదటి పాఠం, నాకది నేర్పింది సారే. ఆ లెక్కన ఉండాల్సింది ఆయన లైను, పోవాల్సింది నా లైను. ఆ మాట చెప్తే ఎవరి గల్తీ అన్న ప్రశ్న మళ్ళీ లేస్తుంది. నేను మొదటిసారి పెద్దసారు ఫైలు ముట్టాను. ఆయన లైను కొట్టేశాను.

యంత్రం నా లైనుతోనూ నడిచింది. ఆఫీసరు చూశాడు, సంతకం పెట్టాడు. డబ్బా లారీ ఎక్కింది, సారు బల్ల నాకిచ్చారు.

నాలుగు రోజుల తర్వాత పెద్దసారు తన ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. నేనే బస్టాండు దాకా వెళ్ళాను. ఎందుకు మాట్లాడలేదని అడుగుతాడేమో, తిడతాడేమో అని దారంతా ఎదురుచూశాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. ఆయన దాని ఊసే ఎత్తలేదు. బస్సు వచ్చి ఆగాక, ట్రంకు పైకి ఎక్కించాక, అప్పుడడిగాడు.

"అవునుగని బిడ్డా, ఆఖరికి ఏ లైన్ తీసినవ్?"

"నాదే తీసిన సార్" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "షాబాష్. నేను చెప్పకపోయినా తెలుసుకున్నవ్ సూడు, గదే నాకు కావాలె" అని నా తల మీద చెయ్యి పెట్టి బస్సెక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేనూ ఊపాను.