పోలయ్య పెట్టిన పరీక్షలు

పోలయ్య ఏ వస్తువునీ నమ్మడు. స్టీల్ ప్లాంటులో రైలు పట్టాల తనిఖీలో ఇరవై ఏడేళ్లు చేశాడు. అక్కడ పట్టాని పరీక్షించి బాగులేకపోతే సుద్దముక్కతో అడ్డగీతలు కొట్టేవాడు. రిటైరైనా సుద్దముక్క మాత్రం జేబులోంచి దిగలేదు. గొడుగు కొంటే గంటసేపు కొళాయి కింద నిలబడతాడు. మంచం కొంటే దానిమీద ఎనిమిదిమందిని నిలబెడతాడు. చివరికి అడ్డగీతలే. ఆయన టిక్కు పెట్టగా చూసినవాళ్లు ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో ఎవరూ లేరు.

"పెళ్లిచూపుల్లో నాసేత బస్తా మోయించనేదు, అదే నా అదృష్టం," అంటుంది భార్య నూకరత్నం.

పక్క క్వార్టర్ ఉదయ్‌కుమార్‌కి ఈ పరీక్షలన్నిటిలో శాశ్వత ఉద్యోగం దొరికింది. జీతం లేదు గానీ పని నిండుగా ఉండేది. చదువు మధ్యలో మానేసి, లైబ్రరీలో దొరికిన పుస్తకమల్లా చదివి, లోకం మీద కోపం పెంచుకున్న ఆరడుగుల నాలుగంగుళాల కుర్రాడు. మంచం మీద నిలబడ్డ ఎనిమిదిమందిలో మొదటివాడు అతనే.

ఆ నవంబరులో అతను పోలయ్య వరండాలో కూర్చుని, జీవితంలో మొదటిసారి తన కోరిక ఒకటి బయటపెట్టాడు. కవర్ధా నుంచి అమర్‌కంటక్ దాకా కొండల్లో పది రోజులు నడవాలి. అదీ ఫిబ్రవరి దాటకముందే. మార్చి ఒకటి నుంచి కుమ్హారిలో ఒక గోడౌన్ కాపలా ఉద్యోగంలో చేరాలని వాళ్ల నాన్న శంకరరావు మాట ఇచ్చేసి వచ్చాడు. ఆ గోడౌన్‌కి సెలవులుండవు. ఒకసారి చేరితే కొండలు క్యాలెండర్ బొమ్మల్లోనే.

పోలయ్య వేరుశనక్కాయ ఒలుస్తూ ఒక్కటే అడిగాడు. "వానొస్తే ఏటి సేస్తావు?"

ఉదయ్ నోరెళ్లబెట్టి ఆకాశంకేసి చూశాడు. పోలయ్య ఇంకో కాయ ఒలుచుకున్నాడు.

వారం తిరక్కుండా ఆయన వీధంతా వినేలా ప్రకటించాడు: తన కుక్క శేరుతో కొండలెక్కడానికి ఇద్దరు పట్టే గుడారం కొంటున్నానని. ఉదయ్ ఒళ్లు మండిపోయింది. కోరిక తనది, గుడారం ఆయనది. మోత ఎవరిదో అడగక్కర్లేదు.

మొదట సుపేలాలో ఒక టెంట్ హౌస్‌కి వెళ్లారు. రెండు వందలమంది అతిథులకి తక్కువైతే బయటికి తీయనన్నాడు యజమాని. కావాలంటే వంటపాత్రలు ఉచితంగా ఇస్తానన్నాడు. పోలయ్య షామియానా గుంజ మీద అడ్డగీతలు కొట్టి వచ్చాడు.

తర్వాత రాయ్‌పూర్ నుంచి మిలిటరీవాళ్లు తీసేసిన గుడారం వచ్చింది. చౌకగానే వచ్చింది, గట్టిగానే ఉంది. బరువు మాత్రం నిండు గ్యాస్ సిలిండరంత. దాన్ని వీపున వేసుకుని ఉదయ్ సెక్టర్ చుట్టూ మూడు రౌండ్లు తిరిగాడు. ముందు శేరు, వెనక పోలయ్య. నిజంగానే సిలిండరనుకుని ఇద్దరు ఆడవాళ్లు తమ నంబరు ఎప్పుడొస్తుందని అడిగారు. మూడో రౌండులో ఉదయ్ కూర్చుండిపోయాడు. అడ్డగీతలు పడ్డాయి, గుడారానికి.

మూడోది రామచంద్రరావుగారిది. ఆయన ప్లాంటులో పెద్ద ఆఫీసరు, గుడారం ఢిల్లీ నుంచి తెప్పించుకున్నారు. గాలికి తేలిపోయేంత తేలిక, ధర చూస్తే మనిషే తేలిపోతాడు. ఇలాంటిదే కొనే ముందు చూద్దామని పోలయ్య ఒక్క పూటకి అడిగి తెచ్చాడు. కుక్క పడుకునేముందు అదే చోట మూడుసార్లు తిరుగుతుందన్న సంగతి ఆ గుడారం కుట్టినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. శేరు మూడోసారి తిరిగేసరికి అడుగు గుడ్డ జల్లెడయింది. రామచంద్రరావుగారు అప్పట్నుంచి పోలయ్యతో మాట్లాడటం మానేశారు.

దానికీ అడ్డగీతలే. అయితే పోలయ్య చెప్పిన కారణం గోళ్లు కాదు. "కాళ్లు బైటికొస్తన్నాయి," అన్నాడు.

"నావి వస్తన్నాయి మావయ్యా. నీది ఐదడుగుల మూడంగుళాలు. నీ పక్కన శేరుగాడు కాళ్లు జాపుకున్నా ఇంకా చోటు మిగులుతాది."

"కొలత కొలతే. నోరుమూసుకుని తిన్నగా పడుకో," అని పోలయ్య టేపు తీశాడు.

జనవరి వచ్చేసింది. ఆయన కోహ్కాలో మనోజ్‌కుమార్ అనే టైలర్‌ని పట్టుకున్నాడు. పైకి తేలికైన నైలాన్, అడుగుకి లారీల మీద కప్పే టార్పాలిన్, నిలబెట్టడానికి కర్టెన్లకి వాడే అల్యూమినియం గొట్టాలు. కొలతలు చూసి, ఇది మనిషికా ఒంటెకా అని టైలర్ అడిగాడట. ఉదయ్ నవ్వలేదు. అతను మార్చికి ఎన్ని రోజులున్నాయో వేళ్లమీద లెక్క చూసుకుంటున్నాడు.

జనవరి చివరి ఆదివారం క్వార్టర్ ముందు గుడారం లేచింది. ఉదయ్, శేరు లోపల దూరారు. నీళ్లొచ్చే వేళ చూసి పోలయ్య పైపు పట్టుకుని గంటసేపు వాన కురిపించాడు. గుడారంలో చుక్క దిగలేదు. నడుమ శేరు బయటికి వెళ్లి శుభ్రంగా తడిసి, లోపలికొచ్చి ఉదయ్ మొహం మీద దులుపుకుంది. తర్వాత మూడుసార్లు తిరిగి అతని పొట్టమీద పడుకుంది. టార్పాలిన్ చిరగలేదు. ఉదయ్ కాళ్లు పూర్తిగా చాపాడు. ఇంకా నాలుగు వేళ్ల చోటు మిగిలింది.

"నువ్వూ లోపలికి రా మావయ్యా," అన్నాడు ఉదయ్, చిరాగ్గా. "కొండలెక్కేది నువ్వు కదా. నీ కొలత కూడా చూసుకో."

పోలయ్య పైపు కట్టేసి, గుంజ పట్టుకుని వంగబోయి, సగంలో ఆగిపోయాడు.

"నా మోకాలు ఎప్పుడో రిజెక్టయిపోనాది. ఇది మీ ఇద్దరికే కదరా."

ఉదయ్ పొట్టమీద కుక్కతో సహా లేచి కూర్చున్నాడు.

"మీ నాన్నతో సెప్పాను, ఇది పది రోజుల ట్రయలని. ట్రయలంటే కాదంతాడేటి? ప్లాంటు మనిషి." పోలయ్య పైపు చుట్టసాగాడు. "వానొస్తే ఏటి సేస్తావంటే ఆ రోజు నోరెళ్లబెట్టావు. ఇప్పుడు సెప్పు."

"లోపల పడుకుంటాను," అన్నాడు ఉదయ్. ఎప్పుడూ సిద్ధంగా ఉండే వెటకారం ఆ పూట ఎక్కడికి పోయిందో.

ఫిబ్రవరి మూడున ఉదయ్, శేరు బయల్దేరారు. నూకరత్నం అరిసెలు కట్టి ఇస్తే, పోలయ్య అందులో ఒకటి గోడకేసి కొట్టి చూశాడు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి ఉదయ్ సంచి మీద టిక్కు పెట్టాడు. ఏళ్ల తరబడి అలవాటు లేని గీత కదా, బాగా వంకరపోయింది. దాన్ని చెరిపి సరిగ్గా పెడదామని ఆయన చెయ్యెత్తేలోపు, అప్పటికే ముందు నడిచిన శేరు వెనక్కి వచ్చి నాకేసింది.