ఊరికి దూరం

విద్యుత్ కేంద్రాలకు చోటు వెతకడం ఆయన ఉద్యోగం. ఎక్కడికెళ్లినా ముందు పిడికెడు మట్టి నలిపి చూస్తాడు, తడివేలెత్తి గాలి వాటం కనిపెడతాడు, నీళ్లెంత దూరమో అడుగులతో కొలుస్తాడు. పొగ తగలకుండా ఊరు దూరంగా ఉంటేనే సరేనంటాడు. ఆపరేషనయ్యాక భార్య ఇంటికొస్తుందనగా నాలుగు రోజులు గదుల్లో ఎండ పడేచోటల్లా సుద్దతో గీతలు గీసి, చివరికి వీధి చప్పుడు వినబడని వెనకగదిలో మంచం వేశాడు. ఆవిడ చుట్టూ చూసింది.

“గాలీ వెలుతురూ అన్నీ బాగానే కుదిర్చారు. నేనేమన్నా పొగ వదులుతానా, ఊరికి దూరంగా పెట్టారు? మీ దగ్గు వినబడేచోట వేయండి, చాలు.”

ఆయన మంచాన్ని ముందుగదిలో తన కుర్చీ పక్కకు లాగాడు, సుద్దగీతలు తుడిచాడు. కూర్చుని, రాకపోయినా ఓసారి దగ్గాడు.