జోగారావుకి పడెయ్యడం నేర్పిన పది రోజులు

జోగారావుకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కాశీబుగ్గలో టీ గ్లాసు చేతికిస్తే ముందు వాసన చూస్తాడు. టెక్కలి బస్సెక్కి, ఇది టెక్కలికే వెళ్తుందా అని ముగ్గురినడుగుతాడు. ముగ్గురూ ఒకే మాట చెప్పారనుకోండి, ముందే అనుకుని చెప్తున్నారేమోనని మళ్ళీ అనుమానం. ఏం చేస్తాం, కొందరలా పుడతారు.

మనిషి మాత్రం దుక్కలా ఉంటాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో కలాసీ. ఎనభై కిలోల పిక్కల బస్తా వీపున వేయించుకుని, లారీ దగ్గర్నుంచి గోడౌను దాకా ఆగకుండా నడిచేస్తాడు. కలాసీల్లో ఒక పట్టింపుంది. బస్తా నేల మీద పడకూడదు. పడి, చిరిగి, పిక్కలు చెల్లాచెదురయ్యాయా, వారం రోజులు వాడి పరువు పరువు కాదు. మోయలేకపోతే ముందుకు వంగి, పేర్చిన బస్తాల మీదకి తల మీంచి దొర్లించెయ్యాలి. పన్నెండేళ్ళుగా జోగారావు ఒంటికి అదే అలవాటు.

రెండువేల ఒకటిలో అతను ఊళ్ళో వ్యాయామశాలకి వెళ్ళడం మొదలెట్టాడు. అక్కడ నేర్పేది బాబూరావు. రైల్వేలో చేసి మానేసినాయన, వయసులో ఉండగా పోటీల్లో బరువులెత్తినాయన. టెక్కలిలో జిల్లా పోటీలు రాబోతున్నాయి. ఈ వ్యాయామశాల నుంచి ఒక్కణ్ణే పంపుతారు. అక్కడ గెలిస్తే ఏదో ఒక ఆఫీసులో ఆటల కోటా కింద ఉద్యోగం దొరకొచ్చని అందరి ఆశ. బస్తాల బతుకు నుంచి బయటపడే దారి జోగారావుకి అదొక్కటే కనిపించింది. పోటీకి ఉన్నది ఇద్దరే, తనూ యుగంధరూ. ఆ యుగంధర్ బాబూరావుకి స్వయానా మేనల్లుడు. ఇంకేం, జోగారావు బుర్రలో పురుగు దొలచడానికి ఆ చుట్టరికం చాలదూ!

దానికి తోడు బాబూరావు చేసిన పనొకటుంది. యుగంధర్ రాడ్డుకి బరువులేసి, భుజాల మీద పెట్టించి, కూర్చోబెట్టి లేపిస్తున్నాడు. జోగారావుకిచ్చింది ఖాళీ రాడ్డు! అది కూడా ఎత్తడానిక్కాదు, పడెయ్యడానికి.

"సగం కూకో. రొమ్మెత్తు. సేతులొదిలెయ్. నువ్వు ముందుకి గెంతు, రాడ్డు ఎనక్కి పడాల," అన్నాడు బాబూరావు. వెనక కొబ్బరిపీచు బస్తాలు పరిచి ఉన్నాయి.

"పడెయ్యడవేటి గురువుగారూ? ఎత్తడం నేర్పండి."

"ఎత్తడం నీకొచ్చు. పడెయ్యడమే రాదు. పడెయ్!"

ఒకటి కాదు, రెండు కాదు, పది రోజులు. రోజుకి ఇరవైసార్లు. రాడ్డు ధడేల్మని పడ్డప్పుడల్లా జోగారావుకి చెంప మీద కొట్టినట్టుండేది. పైగా రాడ్డు ఆనించే స్టాండుకి మోకాలెత్తున రెండు అడ్డకమ్మీలు బిగించాడాయన. లేవలేకపోతే రాడ్డు వాటిమీద ఆగుతుందట. అవి లేకుండా, పక్కన ఇద్దరు మనుషులు నిలబడకుండా బరువు ముట్టుకోవద్దట.

ఇంటికొచ్చి పెళ్ళాం రత్నాలమ్మ దగ్గర కక్కేశాడు. ఆమె జీడిపిక్కలు కొట్టే పని చేస్తుంది. జీడి రసానికి వేళ్ళు నల్లబారిపోయాయి. ఆ వేళ్ళతోనే అన్నం కలుపుతూ వింది.

"మేనల్లుణ్ణి పంపడానికే ఈ నాటకమంతా. ఆ కమ్మీలు కూడా కావాలనే ఎత్తుగా పెట్టినాడు, నాను పూర్తిగా కూకోకుండా."

"ఊరందరి మీదా అనుమానమే నీకు మావా. ఆ అనుమానం నీ నడుం మీద ఒక్కనాడైనా పడిందా?" అంది రత్నాలమ్మ.

అతనికి ఒళ్ళు మండింది. సగం అన్నంలో లేచిపోయాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్న పదింటికి అందరూ టిఫిన్లకి వెళ్ళాక, గుమ్మం పైనున్న తాళంచెవి తీసుకుని లోపలికి దూరాడు. అడ్డకమ్మీలు పీకి మూలకి గిరాటేశాడు. నూట నలభై కిలోలు వేసుకున్నాడు. ఎవడు దొంగో ఇప్పుడు తేలుద్ది అనుకున్నాడు.

మొదటిసారి కూర్చున్నాడు, లేచాడు. ఒక్కడే నవ్వుకున్నాడు కూడా. రెండోసారి కూర్చున్నాడు. లేవలేదు. నడుం గుండ్రంగా వంగింది. పన్నెండేళ్ళ అలవాటు మెడని ముందుకి తోసింది, తల మీంచి దొర్లించెయ్యమని. కానీ ఎదురుగా బస్తాల్లేవు. ఇనుము మెడ మీదకి జారడం తెలిసింది. చచ్చాన్రా దేవుడా అనుకున్నాడు. అంతలో, అతను అనుకోకుండానే రొమ్ము లేచింది, చేతులు వదిలాయి, కాళ్ళు ముందుకి గెంతాయి.

ఆ మోతకి వీధి చివర టీకొట్టు దగ్గరున్న బాబూరావు పరిగెత్తుకొచ్చాడు. జోగారావు నేల మీద బోర్లా పడి, నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. రాడ్డు పీచు బస్తాలు దాటి పడి, గచ్చు పగిలి గుంట పడింది.

"ఎటు పడేసినావు?" అన్నాడు బాబూరావు. మొట్టమొదట అడిగింది అదీ.

"ఎనక్కే."

బాబూరావు అక్కడే కూలబడ్డాడు. చొక్కా జేబులోంచి కాగితం తీసి జోగారావు ముఖం ముందు పెట్టాడు. టెక్కలి పోటీలకి పంపిన పేరు తాలూకు నకలు. తారీఖు చూస్తే పన్నెండు రోజుల కిందటిది. అందులో ఉన్నది యుగంధర్ కాదు. జోగారావు.

"నీ పేరు రాసినాకే నాకు భయమేసింది. నువ్వు బస్తా మోసినట్టే మోత్తావు, కిందకి ఒగ్గవు. అందుకే ముందు అది నేర్పినాను. పేరు సంగతి ముందే సెప్తే బరువుల మీదకి ఎగబడతావని సెప్పలేదు," అన్నాడు.

డాక్టరు మూడు వారాలు లేవద్దన్నాడు. పోటీ రెండు వారాల్లో. యుగంధర్ వెళ్ళాడు. వెళ్ళేముందు ఇంటికొచ్చి, "నీ బదులెల్తన్నాను అన్నా," అన్నాడు. జోగారావు గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపులో ఎవరి మీదా అనుమానం లేదు, అదే అసలు బాధ.

మళ్ళీ ఏ పోటీకీ అతని పేరు వెళ్ళలేదు. కలాసీగానే ఉండిపోయాడు. బాబూరావుకి చూపు తగ్గాక, సాయంత్రాలు వ్యాయామశాల తనే చూసుకోసాగాడు. అనుమానం పోలేదు సరికదా, ముదిరింది. రాడ్డు చివర బరువులు జారకుండా బిగించే లాకులు నాలుగుసార్లు తిప్పి చూస్తాడు. కమ్మీల మీద తనే ఎక్కి ఊగుతాడు. గచ్చులో గుంటని మాత్రం పూడ్చనివ్వలేదు.

రెండువేల ఎనిమిదిలో ఢిల్లేశ్వరరావని ఒక కొత్త కలాసీ చేరాడు. నాలుగో రోజుకే ఖాళీ రాడ్డు భుజాన పెట్టుకుని గొణిగాడు.

"మీవోళ్ళకి బరువులేత్తన్నావు. నాకేటి, పడెయ్యడమా?"

జోగారావు ఆ కళ్ళలోకి చూశాడు. అవెవరి కళ్ళో అతనికి బాగా తెలుసు. కోపం రాలేదు. వాణ్ణి రెక్క పట్టుకుని, ఆ గుంటకి వీపు పెట్టి నిలబెట్టాడు.

"నన్ను ఎంతైనా అనుమానించుకో, పర్లేదు. పడెయ్," అన్నాడు.