అగ్గిపెట్టెల డిసెంబరు

ఆ ఏడాది నవంబరు చివర్లో మా అక్కకు బీపీ పెరిగి, కాళ్లు వాచిపోతే ప్రసూతి ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఏడో నెల. కాన్పు అయ్యేదాకా ఇంటికి పంపేది లేదని డాక్టరమ్మ చెప్పేసింది. మా అమ్మ తోడుగా వార్డులో ఉండిపోయింది. బావ రైల్వేలో గ్యాంగ్‌మన్, ఫలక్‌నుమా వైపు పట్టాల మీద పని. ఇక ఛత్రినాకలోని అక్కావాళ్లింట్లో ఇద్దరు ఆడపిల్లల్ని చూసుకోవడానికి మిగిలింది నేనే. పెద్దది మూడో తరగతి. చిన్నది ఆ ఏడే బడికి వెళ్లడం మొదలుపెట్టింది. నేను దగ్గర్లోని ఒక బడిలో టీచర్ని, పెళ్లి కాలేదు, పిల్లల పెంపకం బొత్తిగా తెలియదు.

కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఫోన్ మోగితే దడ, మోగకపోతే అంతకన్నా దడ. తోమిన గిన్నెలే మళ్లీ తోమేదాన్ని. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి వెళ్లి నిలబడితే, పొంగిన వాసనకు పెద్దది కేకేసేది.

ఆదివారం చర్చిలో పాస్టరు గారి భార్య, మేం అమ్మగారు అని పిలుస్తాం, నన్ను పక్కకు పిలిచింది. కొన్ని దేశాల్లో క్రిస్మస్ వచ్చేదాకా పిల్లలు తేదీలు వేసిన అట్ట మీద రోజుకొక చిన్న కిటికీ తెరుస్తారనీ, లోపల ఏదో ఒకటి ఉంటుందనీ చెప్పింది. "చేసి పెట్టు బిడ్డా. వాళ్లకూ పొద్దుపోతది, నీకూ చేతుల పని ఉంటది" అంది. నా అవస్థ ఆమె కంటబడిందన్నమాట.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. సందు మొదట్లోని చాయ్ హోటల్ భాయ్ ఖాళీ అగ్గిపెట్టెలు సంచి నిండా ఇచ్చాడు. ధూల్‌పేట్ వెళ్లి పతంగుల కాగితం తెచ్చాను, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మైదా ఉడికించి జిగురు చేశాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను చెట్టు ఆకారంలో కోసి, దాని మీద అగ్గిపెట్టెలు వరసగా అతికించి, ఒక్కోదాన్నీ రంగు కాగితంతో మూసి తేదీ వేశాను. లోపల చాక్లెట్, పూసలు, జుట్టు క్లిప్పు, రంగు సుద్దముక్క. చేతులు ఆడుతున్నంతసేపు బాగానే ఉండేది. జిగురు ఆరడానికి ఆగాల్సి వచ్చినప్పుడల్లా మళ్లీ లేచి తిరిగేదాన్ని.

గోడకు తగిలించాక పిల్లలిద్దరూ దాని ముందు కూలబడ్డారు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన బావ బూట్లు విప్పుకుంటున్నాడు.

"బాపూ, గివన్నీ తెరిస్తే అమ్మ వస్తదా?" అని చిన్నది అడిగింది.

"వస్తది బిడ్డా, ఎందుకు రాదు" అన్నాడు బావ. అలసిపోయి ఉన్నాడు. ఆ మాట అక్కడే మరిచిపోయాడు కూడా.

డిసెంబరు మొదలయ్యాక చిన్నది తెల్లవారకముందే లేచి నా దుప్పటి లాగేది. ఒకరోజు చిన్నది, ఒకరోజు పెద్దది తెరవాలని ఒప్పందం. ఆసుపత్రి నుంచి మాత్రం ఒక్క మంచి మాటా రావడం లేదు. బీపీ దిగలేదన్నారు. బిడ్డ బరువు పెరగలేదన్నారు. నేను బడిలో నల్లబల్ల మీద లెక్క సగం వేసి ఆగిపోతే పిల్లలే గుర్తుచేసేవారు.

రెండో వారంలో ఒకరోజు పెద్దదాన్ని తీసుకుని బడి నుంచి వచ్చేసరికి గది నిండా రంగు కాగితం ముక్కలు. చెట్టు మీద ఒక్క పెట్టె కూడా మూసి లేదు. జలుబు చేసి ఆ రోజు బడి మానిన చిన్నదాన్ని ఎదురింటి అవ్వకు అప్పగించి వెళ్లాను. ఆమె కునుకు తీస్తుంటే మెల్లగా ఇంట్లోకి వచ్చేసిందట.

"చిన్నమ్మా! అన్నీ చింపేసింది, నావి గూడ!" పెద్దది ఏడుపు అందుకుంది.

చిన్నది పండగ గౌను వేసుకుని గడప మీద కూర్చుని ఉంది. వెనక గుండీలు పెట్టుకోవడం రాలేదు. పక్కన చాక్లెట్లు, పూసలు కుప్పగా ఉన్నాయి. ఒక్కటీ తినలేదు.

"అన్నీ తెరిచిన చిన్నమ్మా. అమ్మ ఇంకా రాలే."

కోపం ఎటు పోయిందో. ఇంక ఆ ఇంట్లో క్షణం నిలవలేకపోయాను. గౌను గుండీలు పెట్టి, ఇద్దరినీ ఆటోలో ఎక్కించాను.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. "బచ్చోంకో అందర్ నై అమ్మా." పిల్లల్ని లోపలికి పంపనంటాడు, ఎంత బతిమాలినా వినలేదు. అమ్మకు ఫోన్ చేసి, పిల్లల్ని వార్డు కిటికీ కింద నిలబెట్టాను. కాసేపటికి పైఅంతస్తు కిటికీ ఊచల వెనక అక్క మొహం కనిపించింది. ఉబ్బిపోయి ఉంది. పక్కన అమ్మ పట్టుకుని ఉంది.

"అమ్మా! అన్నీ తెరిచిన! జల్ది రా!" చిన్నది గొంతు చించుకుని అరిచింది.

"ఏం తెరిచినవ్ బిడ్డా?"

కింద నుంచి నేనే కేకలేసి మొత్తం చెప్పాను. చుట్టూ ఉన్న అటెండెంట్లు మమ్మల్నే చూస్తున్నారు. అక్క నవ్వింది. ఊచలకు నుదురు ఆనించి నవ్వింది.

"అన్నీ నువ్వే తెరిస్తే నాకో? ఒక్కటన్న ఉంచలే?"

ఆటో మళ్లీ మా సందులోకి తిరిగింది. అప్పుడు చిన్నది నా కొంగు లాగి, "మళ్ల మూస్తే మూసుకుంటయా?" అని అడిగింది.

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చుని అన్నీ మళ్లీ నింపారు. పూసలు చాలకపోతే పుట్నాలు పోశారు. పెద్దది తన కొత్త రబ్బరు మొదట ఇవ్వనంది, ఆఖరికి సగం విరిచి పెట్టింది. పెట్టెల మీద మళ్లీ తేదీలు వేయనివ్వలేదు చిన్నది, అమ్మ ఎప్పుడొస్తే అప్పుడే తెరవాలట. కాగితం ముక్కలతో కప్పేసింది.

క్రిస్మస్ ఇంకా రాకముందే అక్కకు ఆపరేషన్ చేసి మగపిల్లాణ్ని తీశారు. అరచేతిలో పట్టేలా ఉన్నాడని అమ్మ ఫోన్లో ఏడ్చింది. వాణ్ని పిల్లల వార్డులో అద్దాల పెట్టెలో ఉంచారు. పండగ పూట చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆరాధన ముగియకముందే బయటికొచ్చి, చెప్పుల మధ్య అటూ ఇటూ నడిచాను.

కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్లకు అక్కనూ బిడ్డనూ ఇంటికి పంపించారు. అక్క మంచం మీద ఒరిగి కూర్చుని అగ్గిపెట్టెలు ఒక్కొక్కటే తెరిచింది. పుట్నాలు మెత్తబడిపోయాయి. అయినా తింది. చిన్నది అటు చూడనేలేదు. తువ్వాలులో చుట్టిన తమ్ముడి మీదికి వంగి, వాడి వేలు ముట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గింత చిన్నగున్నడేంది? ఎప్పుడు ఆడుతడు?"

"జెర ఆగాలె" అంది అక్క.

"ఇంకా ఆగుడేనా!" అని అది కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ వాకిట్లోకి పోయింది.